గ్రాఫ్ రీరైటింగ్, పుషౌట్లు: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

ఈ సబ్జెక్టులో సెమినార్ తీసుకున్నవాళ్లూ ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను, పేపర్లలో ఇది ఎక్కడో మరుగున పడిపోతుంది: గ్రాఫ్‌కి కొత్తవి కలపడంలో ఏ పద్ధతికీ గొడవ లేదు, పద్ధతుల మధ్య తేడాలన్నీ తీసేసేటప్పుడూ కాపీ చేసేటప్పుడూ వస్తాయి.

## మొదలుపెట్టే ముందు

గ్రాఫ్ రీరైటింగ్ అంటే ఏంటి, సింపుల్‌గా చెప్పండి?

ఒక పెద్ద గ్రాఫ్ ఉంది, అంటే నోడ్లనే చుక్కలు, వాటిని కలిపే ఎడ్జులనే గీతలు. "ఇలాంటి ముక్క కనిపిస్తే దాన్ని ఇలా మార్చు" అని ఒక నియమం ఉంది. ఆ ముక్కను పెద్ద గ్రాఫ్‌లో వెతికి పట్టుకోవడాన్ని మ్యాచ్ అంటారు. దొరికిన చోట నియమం చెప్పినట్టు కొన్ని నోడ్లు, ఎడ్జులు తీసేసి, కొన్ని కొత్తవి పెట్టి, మిగతా గ్రాఫ్ జోలికి పోకుండా వదిలేయాలి. వినడానికి ఇంతే. ఆ "మిగతా గ్రాఫ్"కీ కొత్త ముక్కకీ మధ్య అతుకు ఎలా వేయాలన్న దగ్గర అసలు పని మొదలవుతుంది, ఆ అతుకును ఖచ్చితంగా నిర్వచించడానికే ఆల్జీబ్రా పద్ధతులు పుట్టాయి.

స్ట్రింగ్ గ్రామర్లు, టర్మ్ రీరైటింగ్ ఉన్నాయి కదా, మళ్లీ గ్రాఫులతో పనేంటి?

స్ట్రింగ్‌లో, అంటే అక్షరాల వరుసలో, ఒక ముక్క తీసి ఇంకోటి పెడితే అతకాల్సినవి రెండే చివరలు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. టర్మ్‌ని (గణిత సమాసం లాంటిదాన్ని) గీస్తే వచ్చే చెట్టులో అయితే పైన ఒక కొమ్మ, కింద కొన్ని. గ్రాఫ్‌లో అలా కాదు, తీసేసే నోడ్‌కి చుట్టుపక్కల నుంచి ఎన్ని ఎడ్జులైనా వచ్చి తగులుతుండొచ్చు, అవెన్నో నియమం రాసినవాడికి ముందుగా తెలియదు. ఇంత కష్టం ఎందుకు పడటమంటే, షేరింగ్‌ని, సైకిల్స్‌ని నేరుగా చూపించాలంటే గ్రాఫే కావాలి. ఒకే విలువను రెండు చోట్ల వాడుతుంటే టర్మ్‌లో దాన్ని రెండుసార్లు రాయాలి, గ్రాఫ్‌లో ఒక నోడ్ పెట్టి రెండు ఎడ్జులు గీస్తే చాలు. జాన్ ఫాల్ట్స్, అజ్రియెల్ రోజెన్‌ఫెల్డ్ 1969లోనే వెబ్ గ్రామర్ల పేరుతో ఈ దారి తొక్కారు.

కేటగిరీ థియరీ రాకుండా ఇది అర్థమవుతుందా? టెన్షన్‌గా ఉంది.

అవుతుంది. మొదలుపెట్టడానికి మీకు కావలసింది రెండే. ఒకటి గ్రాఫ్ మార్ఫిజం: నోడ్లను నోడ్లకి, ఎడ్జులను ఎడ్జులకి పంపే ఫంక్షన్, కాకపోతే ఎడ్జ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ సంబంధం చెడకూడదు. రెండోది పుషౌట్: ఉమ్మడి భాగం వెంబడి రెండు గ్రాఫులను అతికించడం. పుల్‌బ్యాక్, అడ్జాయింట్ లాంటివన్నీ థీరమ్స్ రుజువు చేసేటప్పుడు కావాలి తప్ప నియమం రాసి నడిపించడానికి అక్కర్లేదు. చాలామంది కేటగిరీ థియరీ పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి మూడో అధ్యాయంలో వదిలేస్తారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. ముందు గ్రాఫులు గీయండి, డెఫినిషన్లు అవసరమైనప్పుడు చూసుకోవచ్చు.

ఇలాంటి పని మన వైపు ఎవరైనా చేశారా?

దీనికి దగ్గరి బంధువు లాంటి పని మద్రాసులో జరిగింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమనీ, రాణీ సిరొమనీ, వాళ్లతో కలిసి కమలా కృతివాసన్, 1974లో అరే గ్రామర్లనూ కోలాన్నీ కలిపి పేపర్ రాశారు. కోలమంటే మన ముగ్గే. చుక్కల చుట్టూ గీత తిరిగే మెలికల ముగ్గులు ఒక చిన్న నమూనాతో మొదలై నియమాల ప్రకారం ఎలా పెరుగుతాయో చెప్పొచ్చని చూపించారు. అవి అడ్డం నిలువు గడుల్లో నడిచే గ్రామర్లు, పుషౌట్లతో వాటికి సంబంధం లేదు. కానీ ఏడు చుక్కల ముగ్గును పదమూడు చుక్కలకి పెంచే చేతికి తెలిసిన విద్య నియమాల విద్యే, అది చూసినవాళ్లకి "రూల్ అప్లై చేయడం" అన్న మాట కొత్తగా అనిపించదు.

## నియమం రాసేటప్పుడు

రూల్ మధ్యలో ఆ "కె" ఎందుకు? ఎడమ వైపు, కుడి వైపు ఉంటే సరిపోదా?

సరిపోదు. డబుల్ పుషౌట్ పద్ధతిలో నియమాన్ని ఎల్ ← కె → ఆర్ అని రాస్తారు. ఎల్ అంటే వెతకాల్సిన ముక్క, ఆర్ అంటే దాని చోట రావాల్సింది, కె అంటే రెండింట్లోనూ ఉండేది, అంటే ముట్టుకోకుండా కాపాడేది. ఇల్లు రిపేరు చేసేటప్పుడు గోడ పడగొట్టి కొత్తది కడతాం గానీ పిల్లర్లు అలాగే ఉంచుతాం, కొత్త గోడ పాత ఇంటికి అతుక్కునేది ఆ పిల్లర్ల దగ్గరే. కె ఆ పిల్లర్లు. ఎల్‌లో ఉండి కెలో లేనివి పోతాయి, ఆర్‌లో ఉండి కెలో లేనివి కొత్తగా వస్తాయి.

కె లేకపోతే "నోడ్‌ని ఉంచు" అన్నదానికీ "నోడ్‌ని తీసేసి అలాంటిదే కొత్తది పెట్టు" అన్నదానికీ తేడా చెప్పలేం. బొమ్మలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. నడిపిస్తే మాత్రం మొదటిదాంట్లో ఆ నోడ్‌కి తగిలిన బయటి ఎడ్జులు నిలబడతాయి, రెండోదాంట్లో అదే ఎడ్జుల వల్ల నియమం ఆగిపోతుంది. ప్రాజెక్టుల్లో నేను చూసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే: కెలో పెట్టాల్సిన నోడ్‌ని మర్చిపోవడం.

పుషౌట్ అంటే నిజంగా ఏం చేస్తున్నట్టు?

రెండు బట్టముక్కల్ని ఒకే అంచు వెంబడి కలిపి కుట్టినట్టు. ఎ అనే గ్రాఫ్, బి అనే గ్రాఫ్, రెండింట్లోకీ వెళ్లే ఉమ్మడి గ్రాఫ్ కె. ఎ, బి పక్కపక్కన పెట్టి, కెలోని ప్రతి నోడ్ ఎలో ఎక్కడికి వెళ్లిందో బిలో ఎక్కడికి వెళ్లిందో చూసి ఆ రెండిటినీ ఒకటి చేయాలి, ఎడ్జులకీ అంతే. ఎలో 3 నోడ్లు, బిలో 4 నోడ్లు, కెలో 1 నోడ్ ఉంటే పుషౌట్‌లో 3 + 4 − 1 = 6 నోడ్లు ఉంటాయి. కె నుంచి వెళ్లే మార్ఫిజం ఇంజెక్టివ్ కాకపోతే, అంటే రెండు వేర్వేరు వాటిని ఒకదానికే పంపితే, లెక్క మారుతుంది, అప్పుడు ఇంకొన్ని నోడ్లు కూడా ఒకటైపోవచ్చు.

యూనివర్సల్ ప్రాపర్టీ అని భయపెట్టే ఆ వాక్యం చెప్పేది మూడే విషయాలు: కలపాల్సినవన్నీ కలిపావు, అక్కర్లేనిది ఏదీ కలపలేదు, కొత్త చెత్త ఏదీ తేలేదు.

డబుల్ పుషౌట్‌లో రెండు పుషౌట్లు ఎందుకు? తీసేయడానికి ఒకటి, కలపడానికి ఒకటేనా?

అవును, కానీ మొదటిది వెనక్కి నడుస్తుంది, అదే తిరకాసు. అసలు గ్రాఫ్ జి మన చేతిలో ఉంది, అందులో ఎల్ ఎక్కడుందో తెలుసు. "ఏ గ్రాఫ్ డికి ఎల్‌ని కె వెంబడి అతికిస్తే జి వస్తుంది?" అని అడుగుతున్నాం. అంటే కుట్టిన బట్ట చూసి కుట్టు విప్పడం. ఆ డి పేరు పుషౌట్ కాంప్లిమెంట్. అది దొరికాక డికి ఆర్‌ని కె వెంబడి అతికిస్తే ఫలితం హెచ్ వస్తుంది, ఇది మామూలు ముందుకు నడిచే పుషౌట్.

కె నుంచి ఎల్‌కి వెళ్లే మార్ఫిజం ఇంజెక్టివ్ అయితే డి ఉన్నట్టయితే ఒక్కటే ఉంటుంది, ఐసోమార్ఫిజం వరకు, అంటే పేర్లు మారినా ఆకారం అదే. అసలు ఉంటుందా అన్నది వేరే ప్రశ్న, ప్రతిసారీ ఉండాలని లేదు. ఈ పద్ధతిని హార్ట్‌ముట్ ఏరిగ్, మైఖేల్ ఫెండర్, హాన్స్-యుర్గెన్ ష్నైడర్ 1973లో ప్రతిపాదించారు. ఏరిగ్ పనిచేసిన బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు దీనికి పుట్టిల్లులా ఉంది.

నా రూల్ మ్యాచ్ అవుతోంది, కానీ అప్లై అవ్వట్లేదు. బగ్గా?

చాలావరకు బగ్ కాదు. డబుల్ పుషౌట్‌లో మ్యాచ్ దొరికినంత మాత్రాన నియమం నడవదు, గ్లూయింగ్ కండిషన్ కూడా తీరాలి. అందులో రెండు భాగాలున్నాయి.

మొదటిది డ్యాంగ్లింగ్ కండిషన్. హైదరాబాద్ మెట్రోని గ్రాఫ్ అనుకోండి, స్టేషన్లు నోడ్లు, పక్కపక్క స్టేషన్ల మధ్య పట్టాలు ఎడ్జులు. "ఒక స్టేషన్‌ని తీసేయి" అని ఎల్‌లో ఒకే నోడ్, కె ఖాళీ, ఆర్ ఖాళీ పెట్టి నియమం రాశారు. దాన్ని అమీర్‌పేట మీద మ్యాచ్ చేశారు. అక్కడ రెడ్ లైన్, బ్లూ లైన్ కలుస్తాయి కాబట్టి ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట, బేగంపేట, మధురానగర్ వైపు నాలుగు ఎడ్జులున్నాయి. నోడ్ పోతే ఆ నాలుగూ ఒక కొస గాలిలో వేలాడుతూ మిగులుతాయి. ఒక కొస లేని ఎడ్జున్నది గ్రాఫే కాదు, కాబట్టి డి అనేదే లేదు, నియమం ఆగిపోతుంది. తీసేసే నోడ్‌కి తగిలిన ప్రతి ఎడ్జూ ఎల్‌లో కనిపించి, అది కూడా పోయే జాబితాలో ఉంటేనే ఈ కండిషన్ తీరుతుంది. రెండు లైన్లు కలిసే స్టేషన్‌ని మూసేయాలంటే నాలుగు ఎడ్జులతో సహా ఎల్‌లో గీయాలి, పక్క స్టేషన్లు నాలుగూ కెలో ఉంచాలి.

రెండోది ఐడెంటిఫికేషన్ కండిషన్. ఎల్‌లో రెండు నోడ్లున్నాయి, ఒకటి పోవాలి, ఒకటి ఉండాలి. మ్యాచ్ ఇంజెక్టివ్ కాకపోతే రెండూ జిలో ఒకే నోడ్ మీద పడొచ్చు. ఇప్పుడు ఆ నోడ్ పోవాలా ఉండాలా? జవాబు లేదు కాబట్టి ఇదీ ఆగిపోతుంది. పోయేవే రెండు ఒకదాని మీద పడినా అంతే. ఇంజెక్టివ్ మ్యాచులు మాత్రమే తీసుకుంటే ఈ రెండో గొడవ అసలు రాదు, మొదటిది మాత్రం వస్తూనే ఉంటుంది.

టూల్‌లో నియమం ఎందుకు నడవలేదో తెలియక రాత్రంతా కూర్చునేవాళ్లకి నా సలహా: ముందు పోయే నోడ్లకి బయట నుంచి ఎన్ని ఎడ్జులు తగులుతున్నాయో లెక్కపెట్టండి. నూటికి తొంభై సార్లు అని లెక్క చెప్పలేను గానీ, నేను మాత్రం ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

"ఫలానాది లేకపోతేనే చెయ్యి" అని రూల్‌లో ఎలా చెప్పాలి?

నెగటివ్ అప్లికేషన్ కండిషన్ పెట్టాలి. ఎల్‌ని కొంచెం పెంచి ఇంకో గ్రాఫ్ గీస్తారు. మ్యాచ్‌ని ఆ పెద్ద గ్రాఫ్ వరకు పొడిగించడం కుదిరితే నియమం వేయకూడదు. అనెగ్రెట్ హాబెల్, రైకో హెకెల్, గాబ్రియెల్ టెంట్సర్ 1996లో దీన్ని పద్ధతిగా రాశారు.

ట్రాన్సిటివ్ క్లోజర్ మంచి ఉదాహరణ. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి ఎడ్జ్ ఉంటే ఒకటి నుంచి మూడుకి ఎడ్జ్ కలుపు. ఈ నియమానికి షరతు లేకపోతే అదే ఎడ్జ్‌ని మళ్లీ మళ్లీ కలుపుతూ ఎప్పటికీ ఆగదు. "ఒకటి నుంచి మూడుకి ఇప్పటికే ఎడ్జ్ ఉంటే వద్దు" అని పెడితే 10 నోడ్ల గ్రాఫ్‌లో కొత్త ఎడ్జులు 100 దాటవు, తప్పకుండా ఆగుతుంది.

## ఏ పద్ధతి ఎంచుకోవాలి

డబుల్ పుషౌట్, సింగిల్ పుషౌట్ తేడా ఏంటి? ఏది వాడమంటారు?

సింగిల్ పుషౌట్‌లో కె ఉండదు, ఎల్ నుంచి ఆర్‌కి ఒకే పార్షియల్ మార్ఫిజం (కొన్నిటికి విలువ ఇవ్వకుండా వదిలేయగల మార్ఫిజం) ఉంటుంది. దాని విలువ ఎక్కడ లేదో అది పోతుంది. మిఖాయెల్ లోవె 1993లో ఈ సిద్ధాంతాన్ని విస్తారంగా రాశాడు. వాడకంలో కనిపించే తేడా ఒకటే: నోడ్ తీసేసేటప్పుడు వేలాడే ఎడ్జులుంటే డబుల్ పుషౌట్ "కుదరదు" అంటుంది, సింగిల్ పుషౌట్ ఆ ఎడ్జులను కూడా ఊడ్చేస్తుంది. పోవాలి, ఉండాలి అన్న తగువు వచ్చినా అక్కడ పోవడమే గెలుస్తుంది.

ఏది మేలు అన్నది మీ గ్రాఫ్ దేని బొమ్మ అన్నదాన్ని బట్టి ఉంటుంది. సోషల్ నెట్‌వర్క్‌లో ఒకరు అకౌంట్ మూసేస్తే వాళ్ల స్నేహాల ఎడ్జులన్నీ వాటంతటవే పోవాలి, అక్కడ సింగిల్ పుషౌట్ హాయి. బ్యాంకు అకౌంట్ నోడ్‌కి ఇంకా తీరని లావాదేవీల ఎడ్జులు తగిలి ఉంటే దాన్ని మూయకూడదు, అక్కడ ఆ "కుదరదు" అన్న మాటే మనకు కావలసింది. ఎటూ తేల్చుకోలేకపోతే డబుల్ పుషౌట్‌తో మొదలుపెట్టండి. నియమం చెప్పనిదేదీ జరగదన్న హామీ దాంట్లో ఉంది, పైగా ఎల్, ఆర్ తారుమారు చేస్తే చేసిన పని వెనక్కి తీసుకోవచ్చు. సింగిల్ పుషౌట్‌లో ఊడ్చుకుపోయిన ఎడ్జులను వెనక్కి తెచ్చే దారి లేదు.

నోడ్‌ని దాని ఎడ్జులతో సహా కాపీ చేయాలంటే?

ఇంజెక్టివ్ మార్ఫిజాలతో రాసే మామూలు డబుల్ పుషౌట్ నియమం ఈ పని చేయలేదు, ఎందుకంటే నోడ్‌కి బయట ఎన్ని ఎడ్జులున్నాయో నియమానికి తెలియదు. సెస్క్వి-పుషౌట్ పద్ధతి ఇందుకోసం వచ్చింది, 2006లో ఆండ్రియా కొరాడినీ, మరి ముగ్గురు కలిసి రాశారు. కెలో రెండు నోడ్లు పెట్టి రెండిటినీ ఎల్‌లోని ఒకే నోడ్‌కి పంపిస్తే, 5 ఎడ్జులు వచ్చి తగిలే నోడ్ నుంచి రెండు నోడ్లు వస్తాయి, ఒక్కోదానికీ ఆ 5 ఎడ్జులు ఉంటాయి. ఏ ఎడ్జులు కాపీ కావాలో, ఏవి వద్దో ఎంచుకోవాలంటే 2015లో వచ్చిన అగ్రీ పద్ధతి చూడండి.

అడ్హెసివ్ కేటగిరీలు నాకు నిజంగా అవసరమా?

నియమాలు రాసి నడపడానికి అవసరం లేదు. మీ గ్రాఫులు మామూలువి కాకుండా టైపులున్నవో, హైపర్‌గ్రాఫులో (ఒక ఎడ్జ్ ఎన్ని నోడ్లనైనా కలపగలిగేవి), ఇంకేదైనా కొత్త రకమో అయితే, ప్రతిదానికీ అవే థీరమ్స్ మళ్లీ రుజువు చేసే బాధ తప్పించడానికి అవసరం. స్టీవ్ లాక్, పావెల్ సొబొచిన్స్కి 2004లో ఈ ఆలోచన తెచ్చారు. మోనోమార్ఫిజాల (గ్రాఫుల్లో ఇంజెక్టివ్ మార్ఫిజాలు) వెంబడి పుషౌట్లు పుల్‌బ్యాక్‌లతో కలిసి మర్యాదగా నడిచే కేటగిరీ అయితే చాలు, చాలా థీరమ్స్ ఒక్కసారిగా వచ్చేస్తాయి. ఒక హెచ్చరిక: రెండు నోడ్ల మధ్య ఒక్క ఎడ్జే ఉండాలనే సింపుల్ గ్రాఫుల కేటగిరీ అడ్హెసివ్ కాదు, థీసిస్‌లో ఊరికే అలా రాసేయకండి.

## నడిపేటప్పుడు, రుజువు చేసేటప్పుడు

మ్యాచ్ వెతకడం ఎన్‌పీ-కంప్లీట్ కదా, మరి టూల్స్ ఎలా పనిచేస్తున్నాయి?

ఎల్, జి రెండూ ఎంత పెద్దవైనా కావచ్చు అన్నప్పుడే సబ్‌గ్రాఫ్ ఐసోమార్ఫిజం (ఒక గ్రాఫ్‌లో ఇంకోదాన్ని వెతకడం) ఎన్‌పీ-కంప్లీట్, అంటే వేగంగా చేసే దారి ఎవరికీ తెలియని లెక్క. మన నియమాల్లో ఎల్ చిన్నది, మారనిది. 3 నోడ్ల ఎల్‌ని 1000 నోడ్ల జిలో గుడ్డిగా వెతికినా 1000 × 1000 × 1000, అంటే 100 కోట్ల ప్రయత్నాలు దాటవు. ఇది పాలినామియలే, కాకపోతే ఇదీ ఎక్కువే కాబట్టి టూల్స్ అరుదైన లేబుల్ ఉన్న నోడ్‌తో మొదలుపెట్టి ఎడ్జుల వెంబడి నడుస్తాయి. యార్క్‌లో తయారైన జీపీ 2 భాషలో రూట్ నోడ్లు గుర్తుపెట్టుకోవచ్చు. నోడ్ల డిగ్రీకి (ఒక్కో నోడ్‌కి తగిలే ఎడ్జుల సంఖ్యకి) హద్దు ఉంటే ఆ రూట్ నుంచి మ్యాచ్ స్థిరమైన సమయంలో దొరుకుతుంది.

రెండు రూల్స్ ఏ వరుసలో వేసినా ఒకటే ఫలితం వస్తుందా?

రెండు మ్యాచులు ఒకదాని మీద ఒకటి పడే చోట ఉన్నవన్నీ ఇద్దరూ కాపాడేవే అయితే వస్తుంది. దీన్ని ప్యారలల్ ఇండిపెండెన్స్ అంటారు, లోకల్ చర్చ్-రాసర్ థీరమ్ చెప్పేది ఇదే. ఒకరు చదివేదాన్ని ఇంకొకరు తీసేస్తే రాదు. నెగటివ్ కండిషన్లు ఉంటే ఇంకో మెలిక ఉంది: ఒక నియమం కొత్తగా పెట్టిన ఎడ్జే రెండోదానికి అడ్డం పడొచ్చు.

క్రిటికల్ పెయిర్లన్నీ కలిశాయి. కన్‌ఫ్లుయెంట్ అని రాసేయొచ్చా?

రాయకండి. కన్‌ఫ్లుయెంట్ అంటే ఏ వరుసలో వేసినా దారులు చివరికి ఒకేచోట కలవడం, క్రిటికల్ పెయిర్ అంటే రెండు నియమాలు గొడవపడే అతి చిన్న సందర్భం. నియమాలు ఎప్పటికైనా ఆగేవైతే (టెర్మినేషన్) టర్మ్ రీరైటింగ్‌లో చెల్లే ఈ మాట గ్రాఫుల్లో చెల్లదు, డెట్లెఫ్ ప్లంప్ 1993లోనే చూపించాడు. ఎందుకో ఒక చిన్న ఉదాహరణతో చెప్తాను, కాగితం మీద గీసుకుంటూ చదవండి.

మొదటి నియమం: ఒకటో నోడ్ నుంచి రెండో నోడ్‌కి "ఎ" ఎడ్జ్ ఉంటే దాన్ని తీసేసి ఒకటో నోడ్‌కి "బి" లూప్ (తన నుంచి తనకే వెళ్లే ఎడ్జ్) పెట్టు. రెండో నియమం: అదే ఎడ్జ్‌ని తీసేసి రెండో నోడ్‌కి "బి" లూప్ పెట్టు. రెండు నియమాల్లోనూ నోడ్లు రెండూ ఉంటాయి, మ్యాచులు ఇంజెక్టివ్. ఈ రెండూ గొడవపడేది ఒక్కచోటే, ఒకే "ఎ" ఎడ్జ్ దగ్గర. మొదటిది వేస్తే ఒక లూప్ ఉన్న నోడ్, ఒక ఒంటరి నోడ్ వస్తాయి. రెండోది వేసినా అంతే. ఫలితాలు ఐసోమార్ఫిక్, కాబట్టి పెయిర్ కలిసినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు ఒకటో నోడ్‌కి ముందే ఒక "సి" లూప్ ఉందనుకోండి. మొదటి నియమం వేస్తే "బి", "సి" రెండూ ఒకే నోడ్ మీద ఉంటాయి. రెండోది వేస్తే చెరో నోడ్ మీద ఉంటాయి. ఇక ఏ నియమమూ నడవదు, రెండు ఫలితాలూ వేరు. కన్‌ఫ్లుయెన్స్ పోయింది.

అందుకని ఐసోమార్ఫిక్ అయితే చాలదు, కాపాడిన ఒకటో నోడ్ అటువైపూ ఒకటో నోడ్‌గానే, రెండోది రెండోదిగానే కలవాలి. ఇలా గట్టిగా కలిస్తే లోకల్ కన్‌ఫ్లుయెన్స్ (ఒక్క అడుగులో విడిపోయిన దారులు మళ్లీ కలవడం) వస్తుంది, దానికి టెర్మినేషన్ తోడైతే కన్‌ఫ్లుయెన్స్. గట్టిగా కలవలేదంటే కన్‌ఫ్లుయెంట్ కాదని కూడా వెంటనే తేల్చలేం, టెర్మినేట్ అయ్యే గ్రాఫ్ నియమాలకి కూడా కన్‌ఫ్లుయెన్స్ అన్‌డిసైడబుల్, అంటే అన్నిటికీ తేల్చిచెప్పే అల్గారిథం ఉండదు.

టెర్మినేట్ అవుతుందో లేదో టూల్ చెప్పేస్తుందా?

అన్ని నియమాలకీ చెప్పే టూల్ ఉండదు, అది కూడా అన్‌డిసైడబుల్ అని ప్లంపే 1998లో రుజువు చేశాడు. చేతితో చేసేది ఒక కొలత వెతకడం: నియమం వేసిన ప్రతిసారీ తగ్గే సంఖ్య ఏదైనా ఉందా? ఒక లేబుల్ ఉన్న ఎడ్జుల సంఖ్యో, మొత్తం నోడ్ల సంఖ్యో. చాలా ప్రాజెక్టులకి ఇది చాలు.

ఏ టూల్‌తో మొదలుపెట్టాలి?

బొమ్మలు గీసి నడిపించి చూడాలంటే ట్వెంటే యూనివర్సిటీలో తయారైన గ్రూవ్ బాగుంటుంది, స్టేట్ స్పేస్ (నియమాలతో చేరగల గ్రాఫులన్నీ) మొత్తం చూపిస్తుంది. క్రిటికల్ పెయిర్లు లెక్కించాలంటే బెర్లిన్ నుంచి వచ్చిన ఏజీజీ. ఎక్లిప్స్‌లో మోడళ్లతో పనిచేసేవాళ్లకి హెన్షిన్. వేగం కావాలంటే కార్ల్స్‌రూహెలో పుట్టిన జీఆర్‌జెన్ డాట్ నెట్. ఏది తీసుకున్నా మొదటి రోజే రెండు సెట్టింగులు చూసుకోండి: వేలాడే ఎడ్జులను ఊడ్చేస్తుందా, ఆపేస్తుందా, మ్యాచ్ ఇంజెక్టివా, కాదా. ఒకే నియమం రెండు టూల్స్‌లో రెండు రకాలుగా నడిస్తే కారణం దాదాపు ఈ రెండిట్లోనే దొరుకుతుంది.

ఇదంతా నిజంగా ఎక్కడైనా పనికొస్తోందా?

నాకు అన్నిటికన్నా నచ్చేది కెమిస్ట్రీ. అణువు ఒక గ్రాఫ్, పరమాణువులు నోడ్లు, బంధాలు ఎడ్జులు, రసాయన చర్య ఒక నియమం. డీల్స్-ఆల్డర్ చర్య తీసుకోండి. ఎల్‌లో నాలుగు కార్బన్ల బ్యూటాడయీన్, రెండు కార్బన్ల ఇథిలీన్. ఆర్‌లో ఆరు కార్బన్ల వలయం. ఎల్‌లో ఉన్న నాలుగు కార్బన్ బంధాలూ రకం మారతాయి, మూడు ద్విబంధాలు ఏకబంధాలవుతాయి, మధ్యలో ఉన్న ఏకబంధం ద్విబంధమవుతుంది, పైగా రెండు కొత్త బంధాలు వస్తాయి. మరి కెలో ఏం మిగిలింది? ఎడ్జులు లేకుండా ఆరు కార్బన్లు, అంతే. పరమాణువు పుట్టదు, పోదు అన్న నిత్యత్వ నియమం ఇక్కడ కె రూపంలో కనిపిస్తుంది. నోడ్ ఏదీ పోదు కాబట్టి వేలాడే ఎడ్జుల సమస్యే రాదు, ఎల్, ఆర్ తారుమారు చేస్తే వెనక్కి నడిచే చర్య వస్తుంది.

జీవశాస్త్రంలో ప్రోటీన్ల కలయికలకి కప్పా భాష, క్వాంటమ్ సర్క్యూట్లను చిన్నవి చేయడానికి జెడ్ఎక్స్ కాలిక్యులస్, రెండు మోడళ్లను ఒకదానితో ఒకటి సరిపోల్చి ఉంచడానికి ఆండీ ష్యూర్ 1994లో తెచ్చిన ట్రిపుల్ గ్రాఫ్ గ్రామర్లు కూడా ఉన్నాయి.

పరీక్షకో ప్రెజెంటేషన్‌కో ఎలా ప్రాక్టీస్ చేయాలి?

ఒక తెల్లకాగితం మీద పై వరుసలో ఎల్, కె, ఆర్, కింది వరుసలో జి, డి, హెచ్ అని ఆరు గడులు గీయండి. ప్రతి నోడ్‌కి అంకె వేయండి, ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లినా అదే అంకె ఉండాలి. ముందు ఎల్, కె, ఆర్ నింపి, తర్వాత జి నింపి, డి మీరే కనిపెట్టండి. డి దొరకని ఉదాహరణ ఒకటి, దొరికేది ఒకటి, కెలో ఒక నోడ్ తీసేస్తే దొరికేది దొరకకుండా పోయేది ఒకటి, ఈ మూడూ స్వయంగా తయారు చేసుకోండి. మూడోది తయారు చేయడానికి కాస్త టైమ్ పడుతుంది, పట్టనివ్వండి.